కూడబలుక్కోవడమా, పోల్చుకోవడమా?

పిల్లలకు చదవడం ఎలా నేర్పాలన్న గొడవ ఇంగ్లిషు మాట్లాడే దేశాల్లో దాదాపు రెండు వందల ఏళ్లుగా నడుస్తోంది. చల్లారినట్టే చల్లారి మళ్లీ రాజుకుంటుంది. అక్షరాలకూ శబ్దాలకూ ఉన్న లంకె నేర్పితే పిల్లలు ఏ మాటనైనా కూడబలుక్కుని చదువుకుంటారని ఒక పక్షం అంటుంది. మాటను మాటగానే పోల్చుకోనివ్వాలి, తెలియనిచోట అర్థమే దారి చూపిస్తుందని రెండో పక్షం అంటుంది. ఈ రెండో వాదం పుట్టుపూర్వోత్తరాలు తవ్వుకుంటూ పోతే ఒకే పొరపాటు వేషాలు మార్చుకుంటూ తిరిగినట్టు కనిపిస్తుంది. చదవడం బాగా వచ్చినవాళ్లు ఎలా చదువుతారో చూసి, అసలు రానివాళ్లకూ అదే దారి అనుకోవడమే ఆ పొరపాటు. సైకిలు బాగా వచ్చినవాడు చేతులు వదిలి తొక్కుతున్నాడు కాబట్టి, మొదటి పాఠం చేతులు వదలడంతోనే మొదలుపెట్టాలన్నట్టు.

అయితే ఆ వాదం ఊరికే పుట్టలేదు. 19వ శతాబ్దం మొదట్లో అమెరికా బడుల్లో అక్షరాల పేర్లు వల్లె వేయించి, స్పెల్లింగులు అప్పజెప్పించుకునేవారు. మన ఇంగ్లిషు మీడియం బడుల్లో ఇవాళ్టికీ వినిపించే ‘సీ ఏ టీ, క్యాట్’ ఆ బాపతే. తెలుగు పిల్లాడు ‘త’ అని, ‘ల’ అని రెండూ కలిపి పలికితే ‘తల’ వచ్చేస్తుంది. సీ, ఏ, టీలను ఎంత వేగంగా కలిపినా ‘సీయేటీ’ అవుతుంది తప్ప క్యాట్ కాదు, ఎందుకంటే అవి పేర్లే గాని శబ్దాలు కావు. మసాచుసెట్స్ విద్యామండలి కార్యదర్శి హొరేస్ మాన్‌కు ఈ వల్లెవేత ప్రాణంలేని తంతుగా తోచింది. యూరప్ బడులు చూసొచ్చి ఆయన రాసిన నివేదికను ఖండిస్తూ 1844లో బోస్టన్ బడిపంతుళ్లు 31 మంది కలిసి ఏకంగా ఒక పుస్తకమే అచ్చు వేయించారు. మాన్ మెచ్చుకున్న పదపద్ధతి మీద కూడా అందులో వాదం నడిపారు. ఆ పద్ధతిని ముందుకు తెచ్చినవాళ్లలో థామస్ గాలడెట్ ఒకడు. హార్ట్‌ఫర్డ్‌లో బధిరుల పాఠశాల పెట్టింది ఆయనే. వినపడని పిల్లలకు అక్షరాన్ని శబ్దంతో ముడిపెట్టి చెప్పడం కుదరదు. మాట మొత్తాన్ని ఒక బొమ్మలా చూపి అర్థం చెప్పాల్సిందే. అక్కడ అవసరం కొద్దీ పుట్టిన ఉపాయాన్ని 1830ల్లో ఆయన వినికిడి ఉన్న పిల్లల వాచకానికీ వాడాడు. బడికి రాకముందే వేల మాటలు చెవిన పడ్డ పిల్లలకు, ఆ చెవితో పనే లేని పాఠం అన్నమాట.

తర్వాత దీనికి సైన్సు మద్దతు దొరికింది, లేదా దొరికిందనుకున్నారు. 1886లో జేమ్స్ మెకీన్ కాటెల్ లైప్‌జిగ్‌లో ప్రయోగాలు చేసి, చిన్న మాటను విడి అక్షరమంత వేగంగానూ పోల్చుకోగలమని చూపించాడు. ప్రయోగంలో తప్పు లేదు. కాకపోతే అందులో కూర్చున్నవాళ్లు ఏనాడో చదవడం నేర్చేసిన పెద్దవాళ్లు. 1930లో మొదలైన ‘డిక్ అండ్ జేన్’ వాచకాలు కొద్దిపాటి మాటలనే తిప్పి తిప్పి చూపిస్తూ ఒక తరాన్ని పెంచాయి. 1955లో రుడాల్ఫ్ ఫ్లెష్ ‘వై జానీ కాంట్ రీడ్’ రాసి దుమ్మెత్తిపోశాడు. అది పండితుల పుస్తకం కాదు, తల్లిదండ్రుల కోపానికి అక్షరరూపం. పండితుల పుస్తకం 1967లో వచ్చింది. జీన్ చాల్ అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ వడపోసి, మొదట్లో అక్షర శబ్ద సంబంధం నేర్చుకున్న పిల్లలదే పైచేయి అని తేల్చింది. విచిత్రంగా అదే ఏడాది కెన్నెత్ గుడ్‌మన్, చదవడమంటే ఊహించుకుంటూ పోయే ఆట అని వ్యాసం రాశాడు. బడుల్లో గెలిచింది గుడ్‌మనే. కాలిఫోర్నియా 1987లో ఆ బాట పట్టింది. 1994 జాతీయ పరీక్షల్లో అట్టడుగు వరుసలో తేలాక వెనక్కి తగ్గింది. ఆ పతనానికి కిక్కిరిసిన తరగతులూ, ఇంట్లో ఇంగ్లిషు లేని పిల్లలూ కారణమన్న సమాధానంలో కొంత నిజముంది. అందుకే ఒక్క కాలిఫోర్నియాను పట్టుకుని తీర్పు చెప్పకూడదు. అసలు సాక్ష్యం వేరేచోట ఉంది. సందర్భాన్ని చూసి ఊహించడం మీద ఎక్కువగా ఆధారపడేది చదవడం సరిగా రాని పిల్లలేనని, బాగా వచ్చినవాళ్లు మాటను నేరుగా పట్టేస్తారని కీత్ స్టానోవిచ్ బృందం ప్రయోగాల్లో తేలింది. మంచి పాఠకుల కళ్లు మాటలను తేలిగ్గా దాటేయవనీ, ముఖ్యమైన మాటల్లో చాలావాటి మీద ఆగుతూనే వెళ్తాయనీ కీత్ రేనర్ కంటి కదలికల పరిశోధనలు చూపాయి. గుడ్‌మన్ నైపుణ్యమనుకున్నది నిజానికి గుంటలు పూడ్చుకునే తంటా. 2000లో అమెరికా జాతీయ పఠన సంఘం శబ్దాల పక్షానే మొగ్గింది. ఇంగ్లండులో 2012 నుంచి ఆరేళ్ల పిల్లలకు పెట్టే పరీక్షలో 40 మాటలుంటాయి, వాటిలో 20 అసలు భాషలో లేనివే. లేని మాటను ఊహించి చదవడం కుదరదు కదా!

ఇంగ్లిషు స్పెల్లింగుల్లో క్రమమే లేనప్పుడు శబ్దాలు నేర్పి ఏం లాభమని అడిగేవాళ్లున్నారు. ‘ఓ యూ జీ హెచ్’ అన్న ఒకే గుంపు ‘దో’లో ఒకలా, ‘త్రూ’లో ఒకలా, ‘టఫ్’లో ఇంకోలా పలుకుతుంది, నిజమే. ఆ వక్రత వల్ల ఆలస్యమవుతుంది గాని దారి మారదు. 2003లో సేమూర్, ఆరో, ఎర్స్‌కిన్ 13 యూరప్ భాషల పిల్లలను పోల్చి చూశారు. మొదటి ఏడాది చివరికి ఫిన్లండు పిల్లలు తెలిసిన మాటల్లో 98 శాతం చదివితే, స్కాట్లండులో ఇంగ్లిషు నేర్చుకునేవాళ్లు 34 శాతం దగ్గరే ఉన్నారు. రాత పలుకును అంటిపెట్టుకున్న భాషల్లో ఈ యుద్ధానికి ఇంత ఆవేశం లేకపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఇంతకన్నా బరువైన ఆక్షేపణ ఒకటుంది: కూడబలుక్కోవడం వచ్చినంత మాత్రాన చదవడం వచ్చినట్టేనా? దీనికి సాక్ష్యం మన నేల మీదే దొరుకుతుంది. 1823లో బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ తన జిల్లా బడుల మీద మద్రాసుకు నివేదిక పంపాడు. నేటి అనంతపురం ప్రాంతం అప్పుడు ఆ జిల్లాలోదే. 533 బడుల్లో 226 తెలుగువి. పిల్లలు యూరప్‌లోలా అక్షరాల పేర్లు వల్లించకుండా, ఇసుకలో వేలితో దిద్దుతూ నేర్చుకుంటారని ఆయన రాశాడు. ఆ వెంటనే ఒక లోపమూ ఎత్తిచూపాడు. చదివించే పద్యాల భాష వాడుక భాషకు బహుదూరం కాబట్టి, పిల్లలు ఒక్క ముక్క బోధపడకుండానే గడగడా చదివేస్తున్నారట. ఆయన స్వయంగా తెలుగు వ్యాకరణం రాసినవాడు, తెలియక అన్న మాట కాదది. చదవడమంటే అక్షరాన్ని పలకగలగడం, మాటను గ్రహించగలగడం, ఈ రెండింటి లబ్ధమని 1986లో గఫ్, టన్మర్ సూత్రీకరించారు. ఏ ఒక్కటి సున్నా అయినా ఫలితం సున్నాయే. బళ్లారి పిల్లలకు రెండోది సున్నా. కథలు వినిపించండి, వాడుక మాటలున్న పుస్తకాలివ్వండి అనే పక్షం చెప్పేది అందుకే సబబు. దాన్నుంచి అక్షరాలను ఊహకు వదిలేయమన్న నిర్ణయానికి దూకడమే సబబు కాదు.

తెలుగు మొదటి వాచకం మాటలతో మొదలవ్వాలా, అక్షరమాలతోనా అని మనవాళ్లూ వాదించుకుంటారు. ‘తల’, ‘వల’ దగ్గర ఏ దారిన వెళ్లినా పెద్ద తేడా ఉండదు. మనకు కష్టం వచ్చేది ఆ తర్వాత. గుణింతాలూ ఒత్తులూ కలిస్తే గుర్తుపట్టాల్సిన రూపాలు వందలకు చేరతాయి. మన లిపికి తోబుట్టువైన కన్నడలో సోనాలీ నాగ్ 2007లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, అక్షరాలన్నీ పట్టుబడే పని నాలుగో తరగతిలోనూ సాగుతూనే ఉంటుంది. ‘స్నేహం’ అన్న మాటనే చూడండి. ఏత్వం ‘స’ నెత్తిన ఉంటుంది, పలికేది మాత్రం కింద ఉన్న ‘న’ ఒత్తు తర్వాత. ‘స సా సి సీ’ అంటూ గుణింతమంతా కంఠతా పట్టిన పిల్లాడు, కంటికి కనిపించిన వరసనే నమ్మి ‘సేనహం’ అని చదువుతాడు. పక్కనున్న బొమ్మ చూసి ఊహించినవాడు ‘దోస్తు’ అంటాడు. ముందు ఒత్తు, ఆ తర్వాత గుణింతపు గుర్తు అన్న వరసను పలక మీద విడదీసి చూపించడానికి రెండు నిమిషాలు చాలు.