స్కడ్డర్ దొరగారి వంశావళి

మత్తయి సువార్త వంశావళితో మొదలవుతుంది. మనలో చాలామంది ఆ పేర్ల వరుసను గబగబా దాటిపోతాము. నిలిచి చదివితే, అంతమంది తండ్రుల నడుమ తామారు, రాహాబు, రూతు కనిపిస్తారు. ఆ విధంగానే ఒక అమెరికా కుటుంబపు వంశావళిని సంఘస్థుల ముందు ఉంచుచున్నాము. మన కోటవురట్ల, నర్సీపట్నం ప్రాంతాలనుండి అనకాపల్లికో తునికో పోయి రైలెక్కి, కాట్పాడిలో దిగి, రాయవేలూరు ఆసుపత్రికి వెళ్ళివచ్చినవారు ఆ ఇంటిపేరు వినియే ఉంటారు.

మూలపురుషుడు డాక్టర్ జాన్ స్కడ్డర్ గారు. 1793లో న్యూజెర్సీ రాష్ట్రంలోని ఫ్రీహోల్డులో జన్మించారు. న్యూయార్కులో సాగుతున్న వైద్యవృత్తిని వదలి, 1819లో భార్య హారియెట్ గారితో ఓడ ఎక్కారు. సింహళంలో చాలాకాలం పనిచేసి 1836లో మద్రాసు చేరారు. హారియెట్ దొరసానిగారు 1849లో మద్రాసులోను, దొరగారు 1855లో దక్షిణాఫ్రికాలోను కన్నుమూశారు.

వారి ఏడుగురు కుమారులు, ఇద్దరు కుమార్తెలు మిషను సేవలో ప్రవేశించారు. హెన్రీ, విలియం, జోసెఫ్ అను ముగ్గురు 1853లో ఆర్కాటు మిషను స్థాపించారు. ఆ మిషను పని తరువాత తెలుగుసీమలో మదనపల్లె వరకు వ్యాపించింది. నాలుగు తరాలలో 40 మందికి పైగా ఈ కుటుంబీకులు ఆ మిషనులో పనిచేశారు.

ఈ వంశావళిలో ఒక చిక్కున్నది. తాత పేరు మనవడికి పెట్టే అలవాటు మనకున్నట్లే వారికీ ఉన్నది. మూలపురుషుడు జాన్, ఆయన కుమారులలో ఒకరు జాన్. ఈ రెండవ జాన్ గారి కుమార్తె ఐడా సోఫియా. ఆమె మేనకోడలు ఐడా బెల్. ఇద్దరూ వేలూరు డాక్టర్లే. పేరు ప్రక్కన సంవత్సరం లేకపోతే ఎవరు ఎవరో తేలదు.

ఐడా సోఫియా గారు 1870లో రాణిపేటలో జన్మించారు. తిండివనంలో ఒకే రాత్రి ముగ్గురు స్త్రీలు మగవైద్యుని రానీయక కాన్పు కష్టంలో చనిపోవుట చూచి, డాక్టరు కావలెనని నిశ్చయించుకున్నారు. 1899లో అమెరికాలో పట్టా పొంది, మరుసటి ఏడు తిరిగివచ్చారు. 1902లో వేలూరులో ఆసుపత్రి భవనం, 1918లో స్త్రీల వైద్యపాఠశాల వెలిశాయి. 1960లో గతించేవరకు ఆమె అవివాహితగానే ఉన్నారు. వంశవృక్షంలో ఆమె క్రింద కొమ్మ లేదు. కాని ఆ పాఠశాలలో చదివి ఊరూరా కాన్పులు చేసిన స్త్రీలు ఎవరి సంతానం?

ఈ కుటుంబం చరిత్ర మనకు దొరకుటకు కారణం, వారు ఉత్తరాలు, రిపోర్టులు వ్రాసి దాచారు. మన ఇండ్లలో మొదట బాప్తిస్మము పొందిన ముత్తవ్వ పేరు మనలో ఎందరికి తెలుసు? ఆమె పుట్టినింటివారు ఎవరో ఎందరు చెప్పగలరు? అమెరికా దొరసానుల పేర్లు తెలిసి, మన అవ్వల పేర్లు తెలియకపోవుట న్యాయం కాదు. ఇంటిలో పెద్దవారు ఉండగానే అడిగి, కుటుంబ బైబిలు మొదటి పుటలో ఆ పేర్లు, సంవత్సరాలతో సహా, వ్రాసి ఉంచుదము.