డోనవాన్: మద్రాసు జ్వరాల గుట్టు విప్పిన సైనిక వైద్యుడు

ఛార్లెస్ డోనవాన్ 1863లో కలకత్తాలో పుట్టాడు. తండ్రి జడ్జి. పదమూడేళ్ల వయసులో ఐర్లండులోని కార్క్‌కు, తాత దగ్గరికి పంపారు. 1889లో డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో వైద్యపట్టా పుచ్చుకుని, 1891లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరాడు. అది సైన్యానికి వైద్యులను సమకూర్చే సర్వీసు. అయినా వారిని ఊళ్లలోని ఆసుపత్రులకు, వైద్య కళాశాలలకు పంపడం ఆనవాయితీ.

డోనవాన్ 1898లో మద్రాసు వచ్చి, వైద్య కళాశాలలో శరీరధర్మశాస్త్రం బోధిస్తూ జనరల్ ఆసుపత్రిలో రోగులను చూశాడు. వారిలో కొందరికి నెలల తరబడి జ్వరం. పొట్టలో బల్ల (ప్లీహం) పెరిగేది, ఒళ్లు చిక్కిపోయేది. క్వినైన్ ఇచ్చినా తగ్గేది కాదు. అయినా మలేరియా అనే రాసేవారు. నిజానికి ఆ జబ్బు కాలా అజార్. మద్రాసులో అది ఎక్కువగా కనిపించింది నల్లపట్టణంలో, అంటే తర్వాతి జార్జిటౌన్‌లో.

1903 ఏప్రిల్‌లో మృతుల ప్లీహం నుంచి తీసిన పూతల్లో డోనవాన్‌కు వింత కణాలు కనిపించాయి. ఇంగ్లండులో విలియం లీష్‌మన్ అనే వైద్యుడు అలాంటివాటినే గుర్తించి, అవి చచ్చి శిథిలమైన ట్రిపనోసోమ్‌లనే పరాన్నజీవులు కావచ్చని మే నెలలో ప్రకటించాడు. ఆ మాట నిజమైతే బతికున్న రోగిలో అవి ఆ రూపంలో ఉండకూడదు. జూన్ 17న డోనవాన్ ఒక బాలుడి ప్లీహంలోకి సూది గుచ్చి రక్తం తీశాడు. రక్తస్రావానికి దారితీయగల ప్రమాదకరమైన పని అది. అందులోనూ అవే కణాలు! శవం కుళ్లడం వల్ల పుట్టినవి కావని దీంతో రుజువైంది. ఆయన కీర్తికి అసలు ఆధారం ఈ పరీక్షే. ఆయన స్లైడ్లు చూసిన శాస్త్రవేత్త రోనాల్డ్ రాస్ ఆ జీవికి లీష్మానియా డోనవాని అని పేరు పెట్టి ఇద్దరికీ న్యాయం చేశాడు.

1905లో మద్రాసులోనే డోనవాన్ జననాంగాల పుండ్లలో మరో సూక్ష్మజీవిని కనుగొన్నాడు. ఆ జబ్బు నేడు డోనవానోసిస్. 1911లో ప్రారంభమైన రాయపేట ఆసుపత్రికి సూపరింటెండెంటయ్యాడు. సీతాకోకచిలుకల మీద కూడా ఆయనకు మక్కువ. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక ఉద్యోగ విరమణ చేసి ఇంగ్లండులో స్థిరపడ్డాడు. కాలా అజార్‌ను ఇసుక ఈగ మోస్తుందని పరిశోధకులు స్వామినాథ్, షార్ట్, ఆండర్సన్ 1942లో నిరూపించేనాటికి ఆయన బతికే ఉన్నాడు. 1951లో కన్నుమూశాడు.