వేటపక్షుల గూళ్లు: నిర్మాణకార్యములందు వాని రక్షణ

డేగలు, గద్దలు, గుడ్లగూబలు, రాబందులు మొదలయిన వేటపక్షులు గూడు కట్టి పిల్లలను పెంచుకొను కాలమున, ఆ సమీపమున ఇండ్లు, వంతెనలు, రహదారులు నిర్మించువారు పాటింపవలసిన కట్టుబాట్లకు నూఱేండ్ల చరిత్ర యైనను లేదు. ఆ చరిత్రలో అధికభాగము అమెరికా సంయుక్త రాష్ట్రములయందు నడచినది; ఆ దేశపు రాజముద్రపై నిలిచిన తెల్లతల గద్దయే దానికి ముఖ్యకారణము.

పొదుగుచున్న పక్షి అలికిడికి బెదరి లేచిపోయినచో గ్రుడ్లు చలికి చల్లబడియో, ఎండకు వేగియో చెడిపోవును. ఱెక్కలు ముదరని పిల్లలు భయపడి గూటినుండి దూకి నేలపాలగుటయు కలదు. తెల్లతల గద్ద ఇంచుమించు 35 దినములు పొదిగి, పిల్ల యెగురువఱకు మఱి పది పండ్రెండు వారములు దానిని సాకవలసియుండుటచే, ఆ నడుమ జరిగిన ఒక్క ప్రేలుడుతో ఆ యేటి సంతానమంతయు నశింపవచ్చును. పైగా ఈ పక్షి ఏటేట క్రొత్త గూడు వెదకుకొనదు. పాతగూటికే పుల్లలు చేర్చి పెంచుకొనును. ఫ్లారిడాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ సమీపమున 1963లో పరిశీలింపబడిన ఒక గూడు 6 మీటర్ల లోతును, 2.9 మీటర్ల వెడల్పును గలిగి, రెండు టన్నులకు మించి తూగునని అంచనా వేయబడెను. అట్టి గూటిని మోయుచున్న వృక్షమును నరికినచో అనేక సంవత్సరముల శ్రమ ఒక్క పూటలో కూలిపోవును.

1916లో బ్రిటనుతో కుదిరిన ఒడంబడికను అనుసరించి 1918లో అమెరికా శాసనసభ వలసపక్షుల చట్టము చేసెను గాని, వేటపక్షులకు అందు చోటు దొరకలేదు. కోళ్లను, గొఱ్ఱెపిల్లలను ఎత్తుకొనిపోవునవి యను అపవాదు ఆ కాలమున వానిని వెన్నాడుచుండెను. అలాస్కాలో 1917 మొదలుకొని 1950వ దశకపు ఆరంభము వఱకు, సాల్మను చేపలను తినివేయుచున్నదను నెపమున, గద్దను చంపినవానికి ప్రభుత్వమే బహుమానమిచ్చుచుండగా, లక్షకు పైగా గద్దలు హతమయ్యెను. ఒక ప్రభుత్వము తన జాతీయచిహ్నమును ధరకట్టి చంపించుట చరిత్రలో మిక్కిలి శోచనీయమైన ఘట్టము. 1940లో వెలువడిన తెల్లతల గద్ద రక్షణచట్టము, అలాస్కాను మినహాయించి, ఆ పక్షిని చంపుటనే గాక, బుద్ధిపూర్వకముగా బాధించుటను గూడ నిషేధించెను. 1962లో బంగారు గద్దకు సైతము అదే రక్షణ లభించెను. మెక్సికోతో గల ఒడంబడికను 1972లో సవరించిన పిమ్మటనే తక్కిన డేగలు, గుడ్లగూబలు వలసపక్షుల చట్టపు నీడకు చేరినవి. అయినను, గూటికి ఎంత దూరమున ఏ పని చేసినచో పక్షికి బాధ కలిగినట్లో ఏ చట్టమును తేల్చి చెప్పలేదు.

ఈలోగా డి.డి.టి. యను క్రిమిసంహారి వేటపక్షుల సంతతినే తుడిచిపెట్టసాగెను. గ్రుడ్ల పెంకులు పలుచనగుచున్నవని బ్రిటనులో డెరెక్ రాట్‌క్లిఫ్ 1967లో నిరూపించెను. 1960వ దశకపు నడుమనాటికి మిసిసిపీ నదికి తూర్పున భైరిడేగ గూడన్నది మిగులలేదు. 1972లో అమెరికాలో డి.డి.టి. నిషిద్ధమగుటయు, కార్నెల్ విశ్వవిద్యాలయమున టామ్ కేడ్ 1970లో నెలకొల్పిన సంస్థ పిల్లలను పెంచి వదలుటయు వానిని మరల బ్రతికించెను. అయితే తిరిగి వచ్చిన భైరిడేగలకు కొండకొమ్ములతోపాటు మహానగరముల మేడలును, వంతెనల శిఖరములును నివాసయోగ్యములుగ తోచెను. న్యూయార్కు వంతెనలపై 1983లో అవి గూళ్లు పెట్టినవి. అప్పటినుండి అట్టి వంతెనలకు రంగువేయువారును, మరమ్మతు చేయువారును గూటికాలమును లెక్కలోనికి తీసికొనవలసిన వారైరి.

నిర్మాణము పక్షికి ఎల్లవేళల శత్రువని తలంపరాదు. ఆరిగాను, ఐడహో రాష్ట్రముల నడుమ 1980వ దశకారంభమున నిర్మింపబడిన 500 కిలోవోల్టుల విద్యుత్తు మార్గమునందు, డేగల శిక్షకుడైన మోర్లీ నెల్సన్ సలహా ననుసరించి కొన్ని స్తంభములపై గూటిపీటలు అమర్చిరి. ఏడాది తిరుగకమునుపే పక్షులు ఆ స్తంభములపై గూళ్లు కట్టసాగెను. పదేండ్లలో వేటపక్షులును, మాలకాకులును కలిపి 133 జతలు ఆ మార్గము పొడవునను కాపురముండెను. పని ఆరంభింపకముందే పక్షిని తలచుకొన్నచో ఎంత మేలు కలుగునో దీనివలన తెలియును.

దూరముల లెక్క 2007లో తేలెను. మిన్నెసోటాలోని ఒక భూస్వామి తన నేలయందు ఇండ్లు కట్టదలపగా గద్దగూడు అడ్డమైనందున న్యాయస్థానమునకు పోయెను. ఆపదలోనున్న జీవుల జాబితానుండి గద్దను తొలగించు విషయము తేల్చుటకు న్యాయస్థానము గడువు విధించెను. తొలగింపుతోపాటు బాధ యనగా నేమో నిర్వచనమును, మార్గదర్శకసూచనలును వెలువడినవి. గూటికి కనబడునంత చేరువ కట్టడమైనచో 660 అడుగులు, కనబడనిచో 330 అడుగులు, ప్రేలుడుపనికి అరమైలు ఎడముంచవలెనని వాని సారాంశము. అవి శాసనములు గాక సూచనలే యైనను, గూటికాలము ముగిసిన పిదప పలుపనులకు దారి విడుచుటచే నిర్మాతలకు ఆచరణసాధ్యములయ్యెను. ఫ్లారిడాలో ఆ కాలము అక్టోబరు 1 నుండి మే 15 వఱకని నిర్ణయించిరి. తప్పనిసరి యైనచోట అనుమతిపత్రము లిచ్చు పద్ధతి 2009లో ఏర్పడెను.

బ్రిటనులో 1981నాటి చట్టము భైరిడేగ మొదలగు పక్షులను గూటివద్ద కలవరపెట్టుటనే నేరముగ నెంచెను. భారతదేశమున 1972 వన్యప్రాణి రక్షణచట్టము గ్రుడ్లను, గూళ్లను చెదరగొట్టుటను వేటలోనే చేర్చినది గాని, ఎంత ఎడముండవలెనో అందు చెప్పలేదు. కొమురం భీం ఆసిఫాబాదు జిల్లాలో పాలరాపు గుట్టపై 2013లో కనుగొనబడిన పొడుగుముక్కు రాబందులు శీతకాలమున ఒక్కొక్క గ్రుడ్డే పెట్టును; అట్టి గుట్టల చేరువ నవంబరు మొదలు వేసవి వఱకు రాతిప్రేలుళ్లు, రహదారిపనులు ఆపుట ముందుగనే టెండరు షరతులలో వ్రాయించుట మన రాష్ట్రములయందు తక్షణకర్తవ్యము.