వాయిదా అనే చికిత్స

లండన్ శస్త్రవైద్యుడు జాన్ హంటర్ 1786లో వెలువరించిన సుఖవ్యాధుల గ్రంథంలో, శరీరంలో ఏ లోపమూ లేకున్నా ఒకానొక స్త్రీ వద్ద మాత్రం అశక్తుడవుతున్న ఒక పురుషుని ప్రస్తావన ఉంది. ఆరు రాత్రులు ఆమె పక్కనే పడుకోవాలనీ, కోరిక ఎంతగా కలిగినా సంగమానికి పూనుకోనని ముందే తనకు తాను మాట ఇచ్చుకోవాలనీ హంటర్ అతనికి విధించాడు. పక్షం రోజులకు తిరిగివచ్చిన ఆ రోగి, చేతకాదేమోనన్న భయం పోయి కోరిక మితిమీరుతుందేమోనన్న భయం పట్టుకుందనీ, గడువు తగ్గితే బాగుండుననిపించిందనీ చెప్పాడు. ఆ స్త్రీ ఏమనుకున్నదో మాత్రం గ్రంథానికి ఎక్కలేదు.

ఈ సూత్రాన్ని పద్ధతిగా మలచినవారు అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో పనిచేసిన స్త్రీవ్యాధి నిపుణుడు విలియం మాస్టర్స్, డిగ్రీ లేకుండానే పరిశోధనలో ఆయనకు సమాన భాగస్వామి అయిన వర్జీనియా జాన్సన్. దాంపత్య సమస్యల మీద 1970లో వెలువడిన గ్రంథంలో వారు 'ప్రేక్షక పాత్ర' అనే భావనను వివరించారు. కలయిక వేళ మనిషి అనుభవంలో లీనం కాక, తాను ఎలా నెగ్గుకొస్తున్నానా అని తననే బయటినుంచి పరిశీలించుకోవడం దీని అర్థం. దీనికి విరుగుడుగా రూపొందినదే 'సెన్సేట్ ఫోకస్', అంటే స్పర్శ మీదనే ధ్యాస నిలిపే సాధన. తొలి దశలో సంగమమే కాదు, స్తనాలనూ జననాంగాలనూ తాకడం కూడా నిషిద్ధం. ఒకరు తాకుతుంటే మరొకరు గమనిస్తారు, తరువాత పాత్రలు మారతాయి. మాటల్లో చెప్పడానికి బిడియపడేవారు భాగస్వామి చేతి మీద తమ చేయి ఉంచి, ఎక్కడ, ఎంత మెల్లగా, ఎంత ఒత్తిడితో తాకాలో చూపుతారు. చికిత్స దాదాపు రెండు వారాలు సాగేది. దంపతులిద్దరినీ కలిపే చేర్చుకునేవారు, చికిత్సకులలోనూ ఒక పురుషుడు, ఒక స్త్రీ ఉండేవారు. సమస్య ఒక్కరిది కాదు, ఆ బంధానిది అన్న ఈ ఏర్పాటే, నిషేధం కన్నా కూడా, వారు అసలు కొత్తగా చేర్చినదని చెప్పాలి.

వైఫల్యం సుమారు ఐదో వంతేనన్న వారి లెక్కను 1980లో బెర్నీ జిల్బర్‌గెల్డ్, మైఖేల్ ఎవాన్స్ తీవ్రంగా విమర్శించారు. దేనిని వైఫల్యంగా ఎంచారో గ్రంథంలో స్పష్టత లేదన్న వారి అభ్యంతరం సహేతుకమైనదే. అయినా సాధన మాత్రం వాడుక నుంచి తప్పుకోలేదు; ఆనందం కలగాలన్న లక్ష్యాన్ని కూడా పక్కనపెట్టి, చర్మపు వెచ్చదనం, నునుపు, ఒత్తిడి వంటివాటినే మొదట గమనించమని ఈనాటి చికిత్సకులు దంపతులకు చెబుతున్నారు.