తియ్యటి వాసన

మా మావయ్య పదిహేడేళ్లు నడిపిన పికప్ ట్రక్కు 2018 ఏప్రిల్‌లో ఇల్లు వదిలి వెళ్లిపోయింది. అది 1994 మోడల్. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం, సుపీరియర్ సరస్సు ఒడ్డునున్న డులూత్ ఊళ్లో 2001లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. అత్తయ్య పెరటి మట్టి, చదువుకోడానికి దిగిన నా రెండు సూట్‌కేసులు, అన్నీ దాని వీపు మీదే వచ్చాయి. పెద్ద ప్రమాదమేమీ జరగలేదు. డ్యాష్‌బోర్డ్ వెనక దాక్కున్న, లావుపాటి పుస్తకమంత ఉండే ఒక చిన్న రేడియేటర్‌కి చిల్లు పడింది. అంతే.

దాన్ని హీటర్ కోర్ అంటారు. ఇంజన్‌లో తిరిగి దాదాపు తొంభై డిగ్రీలకు కాగిన కూలెంట్ ఒక రబ్బరు గొట్టంలో దీనిలోకి వస్తుంది. లోపలి సన్నటి గొట్టాలన్నీ తిరిగి రెండో గొట్టంలో వెనక్కి పోతుంది. దాని మీదుగా ఫ్యాన్ తోసే గాలే మన కాళ్లకీ ముందద్దానికీ అందే వెచ్చదనం. గుంటూరు ఎండల్లో ఈ సంగతి ఎవరికీ అక్కర్లేదు. మైనస్ ముప్పైలో మాత్రం అది లేకపోతే అద్దం కనబడదు, దారి కనబడదు.

చిల్లు పడ్డ సంగతి బండి మాకు చెప్పకపోలేదు. మొదట వాసన వచ్చింది, బెల్లం పాకం పొంగుతున్నట్టు తియ్యగా. కూలెంట్‌లోని గ్లైకాల్ వాసన అది; ఆ తీపికే కుక్కలు నాకి ప్రాణం పోగొట్టుకుంటాయి. మేము పట్టించుకోలేదు. తర్వాత అద్దం చెమర్చింది. గుడ్డతో తుడిస్తే ఆరిపోవాలి కదా, ఆరలేదు, జిడ్డుగా చారలు కట్టింది. ఆ తర్వాత నా సీటు కింద పట్టా తడిసింది. అదీ మాకు తట్టలేదు. మంచులో తిరిగొచ్చిన బూట్లతో ఆ ఊళ్లో ప్రతి బండిలోనూ పట్టా తడిగానే ఉంటుంది. ఒకసారి వంగి వేలితో ముట్టుకుని ఉంటే జిగట తెలిసేది. నేను వంగలేదు. ఆ సీట్లో రోజూ కూర్చున్నది నేనే.

ఎండాకాలంలో కూలెంట్ మట్టం తగ్గితే మావయ్య కుళాయి నీళ్లు పోశాడు. సగం నీరు, సగం గ్లైకాల్ ఉంటే మైనస్ ముప్పై ఏడు దాకా గడ్డకట్టదు, పైగా అందులో తుప్పును ఆపే మందులుంటాయి. వట్టి నీళ్లు పోసిన కొద్దీ ఆ రెండు కాపలాలూ పల్చబడ్డాయి. చలికాలం వచ్చేసరికి లీకు ఆపే పొడి కలిపాడు. మా అమ్మమ్మ చిల్లు పడిన రాగి బిందెకి మాటు వేయించేది. మాటు చిల్లున్న చోటే పడుతుంది. ఈ పొడికి ఆ విచక్షణ లేదు. చిల్లుతో పాటు సన్నటి దారులన్నీ పూడ్చింది, ముందున్న పెద్ద రేడియేటర్‌లో కూడా. నెల తిరక్కుండా హీటర్లోంచి చల్లగాలి వచ్చింది. మావయ్య ఆ రెండు గొట్టాలనీ ఇంజన్ వైపే కలిపేసి, కోర్‌ని పక్కన పెట్టి, ఒళ్లో రగ్గు కప్పుకుని ఆ చలికాలం నడిపాడు.

మార్చిలో ఇద్దరం గ్యారేజీలో కూర్చున్నాం. డ్యాష్‌బోర్డ్ మొత్తం విప్పితే గాని కోర్ చేతికి రాదు. కోడిగుడ్ల అట్ట తెచ్చి ఒక్కో గుంటలో ఒక్కో చోటి స్క్రూలు వేస్తూ, అంచున పెన్సిల్‌తో "ఎడమ పైన", "గ్లవ్ బాక్స్ కింద" అని రాశాడు మావయ్య. కోర్ బయటికి లాగుతుంటే చుట్టూ ఉన్న స్పాంజి పొడిపొడిగా రాలింది. గొట్టాలు కోర్ తొట్టిని కలిసే అతుకు దగ్గర తెల్లగా, పచ్చగా ఉప్పు పేరుకున్నట్టు ఒక గీత. బొటనవేలి గోరంత ఉంటుంది.

"ఇంతేనట్రా?" అన్నాడు.

కొత్త కోర్ బిగించాం. కొత్త కూలెంట్ పోసి, హీటర్ పూర్తిగా తిప్పి, గాలి బుడగలు పోయేదాకా ఇంజన్ నడిపాం. మావయ్య గాలి వచ్చే రంధ్రం ముందు అరచెయ్యి పెట్టి కళ్లు మూసుకున్నాడు. "వెచ్చగా ఉందిరా."

మర్నాడు సరస్సు దగ్గర్నుంచి మా వీధికి ఎక్కే మిట్టలో టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత దాటింది. వెనక తెల్లటి పొగ. ఆయిల్ మూత తీస్తే అడుగున టీ రంగు మీగడ. మట్టం తగ్గి, దారులు పూడి బండి ఎన్నిసార్లు వేడెక్కిందో, ఆయిల్‌నీ కూలెంట్‌నీ కలవకుండా ఆపే హెడ్ గాస్కెట్ ఎప్పుడు పోయిందో! మేము గుండె మార్చే వేళకి ఒళ్లు చెడిపోయింది. ఇంజన్ హెడ్ వంగిందన్నాడు మెకానిక్. బాగుచేయడానికి అడిగిన డబ్బు బండి ఖరీదు కన్నా ఎక్కువ.

స్క్రాప్ వాళ్ల లారీ వచ్చిన రోజు గొలుసు వెయ్యనివ్వలేదు మావయ్య. తనే తాళం తిప్పాడు. ఇంజన్ దగ్గుతూ లేచింది. వాలుగా దించిన పలక మీదికి మెల్లగా ఎక్కిస్తున్నాడు. నేను ఎదురుగా నిలబడి చేత్తో దారి చూపిస్తున్నాను. జిడ్డంతా కడిగిన ముందద్దం తేటగా ఉంది. రెండు చలికాలాల తర్వాత, లోపల కూర్చున్న ఆయన మొహం బయటికి స్పష్టంగా కనిపించింది.