ముందు నడిచిన చేతులు

నర్సింగు స్కూల్లో మాకు చెప్పిన చరిత్ర 1854లో మొదలైంది. క్రిమియా యుద్ధం, గాయపడ్డ సిపాయిలు, దీపం పట్టుకుని తిరిగిన ఫ్లోరెన్స్ నైటింగేల్. 1860లో ఆమె పేరున లండన్‌లో స్కూలు పెట్టాక నర్సింగు ఒక వృత్తి అయిందని రాసి పరీక్ష ప్యాసయ్యాం. అదే యుద్ధానికి నేనూ వస్తానని జమైకా నుంచి వచ్చిన నల్లజాతి స్త్రీ మేరీ సీకోల్ అడిగితే లండన్‌లో కాదన్నారు. 1855లో ఆమె సొంత ఖర్చుతో వెళ్లి బాలక్లావా దగ్గర సిపాయిలకు సేవచేసింది. ఆమె మా పాఠాల్లో లేదు. మా అమ్మమ్మా లేదు.

అమ్మమ్మ మంత్రసాని. ఊళ్లో ఏ కులం బిడ్డ భూమ్మీద పడ్డా ముందు పట్టుకున్నవి మా గూడెం ఆడోళ్ల చేతులే. కాన్పు జరిగినంతసేపు ఆసామి పెళ్లామైనా అమ్మమ్మ మాట వినాల్సిందే. నీళ్లు కాచమంటే కాచాలి, దీపం దగ్గరగా పట్టమంటే పట్టాలి. బొడ్డు కోసి, మాయ పూడ్చి బయటికొస్తే మళ్లీ అంటరానిదే. చేటలో నాలుగు గింజలు దూరంనుంచి పోసేవాళ్లు. ఆ గదిలో ఆమె చేసినదాన్ని నాయకత్వం అని ఎవరూ అనలేదు.

1883లో గుంటూరు వచ్చిన అమెరికన్ లూథరన్ మిషను డాక్టరు అన్నా సారా కుగ్లర్ 1898లో అక్కడ ఆడవాళ్లకీ పిల్లలకీ ఆసుపత్రి తెరిచారు. మన ఆడపిల్లలకు నర్సు పనికి దారి చూపినవి అలాంటి మిషను ఆసుపత్రులే. నెత్తురు, మలం, పురిటిమైల ముట్టే పనికి పెద్దకులాలు తమ పిల్లల్ని పంపడానికి ఇష్టపడలేదు. క్రైస్తవంలో కలిసిన మాల, మాదిగ పిల్లలు వెళ్లారు. 1926లో మద్రాసు ప్రభుత్వం నర్సులకూ మంత్రసానులకూ రిజిస్టరు పెడుతూ చట్టం చేసింది. అక్షరం అందని అమ్మమ్మలు ఆ రిజిస్టరు ఎలా ఎక్కుతారు? 1946లో భోర్ కమిటీ లెక్క తీస్తే దేశంలో 43 వేల మందికి ఒక్క నర్సు ఉంది. అంత కరువున్న పని చేసేవాళ్లకు గౌరవం పెరగాలి కదా! పెరగలేదు. పనిలో మైల ఉంటే ఆ పని చేసేవాళ్లలోనే మైల ఉందనుకునే దేశం మనది.

నేను 1981లో ఒక సర్కారు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేరాను. కాలిన కేసుల వార్డు, నైట్ డ్యూటీలు ఎక్కువగా మా పేర్ల ఎదురుగానే పడేవి. ఒక రాత్రి కాన్పయిన తల్లి పక్కమీద గుడ్డ తడిసిపోతోందని ముందు చూసింది ఆయా. "సిస్టరమ్మా, ఇది మామూలు నెత్తురు కాదమ్మా" అంది. పొత్తికడుపు మీద చెయ్యేస్తే మెత్తగా ఉంది. గర్భసంచి ముడుచుకోలేదన్నమాట. రుద్దుతూనే ఆయాని డాక్టరు కోసం పరిగెత్తించాను, కొత్త నర్సు చేత సెలైన్ పెట్టించాను. డాక్టరు వచ్చేసరికి కడుపు గట్టిపడింది. తల్లి బతికింది. తెల్లారాక నాకొచ్చింది మెమో: ఎవరి ఆర్డరు మీద చేశావు?

ఆ మెమోకి జవాబు రాస్తుంటే నాకు ఒకటి అర్థమైంది. వాళ్లకు కావలసింది చెప్పింది చేసే చేతులు. ఆ రాత్రి ముందు నడిచింది ఆయా, నేను ఆమె వెనక నడిచాను. వెనక నడవడం తలవంచడం కాదు. ఎవరి మాటలో నిజముందో చూసి, ఆ మాట వెంట పోవడం. ఆయా చెప్తే నేను వినేదేంటని కూర్చునుంటే ఆ తల్లి పోయేది.

హెడ్ నర్సు పోస్టులు ఖాళీ అయినప్పుడల్లా "నీకు కమాండ్ లేదమ్మా" అనేవాళ్లు. 1992లో ఇంద్రా సాహ్నీ కేసులో సుప్రీంకోర్టు ప్రమోషన్లలో రిజర్వేషన్లు కుదరవంది. 1995లో 77వ రాజ్యాంగ సవరణ ఎస్సీ, ఎస్టీలకు ఆ వీలు కల్పించింది. మన రాష్ట్రంలో 2003లో ఉత్తర్వులొచ్చాయి. ఆ తర్వాత నేను హెడ్ నర్సునయ్యాను. "రోస్టరు సిస్టర్" అని వెనక నవ్వుకున్నారు. నవ్వనీ. డ్యూటీ చార్టు నా చేతికొచ్చింది. నైట్లు అందరికీ సమానంగా వేశాను, నా పేరూ వేసుకున్నాను. డ్యూటీ మారేటప్పుడు రోగుల సంగతి ఆయాలు కూడా చెప్పాలన్నాను. చదువుకున్న సిస్టర్లు మొహం ముడుచుకున్నారు. పదిరోజులకే వాళ్లే "ఆరో బెడ్డు సంగతేంటే?" అని ఆయాల్ని అడగడం మొదలెట్టారు.

నర్సింగు చదువుతున్న చెల్లెళ్లారా, మీ వార్డులో డ్యూటీ చార్టు ఎవరు వేస్తున్నారో, కష్టమైన డ్యూటీ ఎవరి పేర్లమీద పడుతోందో రాసిపెట్టుకోండి. సీనియారిటీ జాబితా అడిగి చూడండి. ఊరెళ్లినప్పుడు మీ గూడెంలో మంత్రసాని ఇంకా బతికుంటే పక్కన కూర్చుని ఆమె పట్టిన కాన్పుల్ని అడిగి రాసుకోండి. అది మన నర్సింగు చరిత్ర. మనం రాయకపోతే అది ఏ పాఠంలోకీ రాదు.