రెండో పేపర్‌లోని అయిదుగురు అమ్మాయిలు

ఈ ఎపిసోడ్ మా అక్కతో మొదలుపెట్టాలి. తన పర్మిషన్ తీసుకునే చెప్తున్నాను.

పోయిన సంవత్సరం మా మేనల్లుడికి ఆటిజం అని తేలింది. నాలుగేళ్లు వాడికి. డాక్టర్ గారు ఒక్కో ప్రశ్న అడుగుతుంటే, "ఇందులో ఏముంది మేడమ్, చిన్నప్పుడు నేనూ ఇంతే" అంటూ వచ్చిందట అక్క. మిక్సీ శబ్దానికి చెవులు మూసుకోవడం, పెళ్లికి వెళ్తే గంటకే ఏ గదిలోనో తలుపేసుకుని కూర్చోవడం... కాసేపటికి ఆవిడ పెన్ను పక్కన పెట్టి, "మీరూ ఒకసారి టెస్ట్ చేయించుకుంటారా?" అన్నారట. అలా 36 ఏళ్లకి తెలిసింది మా అక్కకి, తనకీ ఆటిజం ఉందని.

అంతకుముందు మా ఇంట్లో దానికి వేరే పేర్లుండేవి. బిడియం. పొగరు. పెళ్లైతే అదే సర్దుకుంటుంది. మధ్యలో రెండేళ్లు డిప్రెషన్ మందులు కూడా వాడింది. మరి ఇన్నాళ్లూ ఎవరికీ ఎందుకు కనపడలేదు? నేను చరిత్ర తవ్వడం మొదలుపెట్టింది ఇందుకే.

గ్రున్యా సుఖరేవా అని, కీవ్‌లో పుట్టి మాస్కోలో పనిచేసిన పిల్లల సైకియాట్రిస్ట్. ఆవిడ 1925లో ఆరుగురు మగపిల్లల గురించి రష్యన్‌లో ఒక పేపర్ రాశారు, మరుసటి ఏడాది అదే జర్మన్‌లో వచ్చింది. తోటిపిల్లలతో కలవరు, ఒక విషయం పట్టుకుంటే వదలరు. ఆవిడ పెట్టిన పేరు వేరుగానీ, ఇవాళ చదివితే ఆటిజమే అని తెలిసిపోతుంది. 1927లో రెండో పేపర్ రాశారు, అది అయిదుగురు ఆడపిల్లల గురించి. అంటే దాదాపు వందేళ్ల కిందే ఒక లేడీ డాక్టర్ అమ్మాయిల్ని విడిగా కూర్చోబెట్టి చూశారు!

కానీ ప్రపంచానికి గుర్తున్నవాళ్లు వేరు. 1943లో అమెరికాలో లియో కానర్ రాసింది 11 మంది పిల్లల గురించి, అందులో ముగ్గురే అమ్మాయిలు. 1944లో వియన్నాలో హాన్స్ ఆస్పర్గర్ వివరంగా రాసిన నలుగురూ అబ్బాయిలే. (నాజీల కాలంలో ఆయన చేసిన పనుల గురించి వేరే ఎపిసోడ్ చేయాలి, ఇక్కడ కుదరదు.) విచిత్రం ఏంటంటే, ఆ పిల్లల తల్లుల్లో కొందరిలో అవే లక్షణాలు చూశానని ఆయనే రాశారు. అమ్మాయిల్లో వయసొచ్చాక బయటపడుతుందేమో అనీ అనుకున్నారు. అంటే మా అక్కలాంటి తల్లులు ఆ గదిలోనే, పిల్లాణ్ణి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారన్నమాట.

నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు టెస్ట్ కేసులన్నీ ఒకే రకం యూజర్‌ని బట్టి రాస్తే, రెండో రకం యూజర్ దగ్గర బగ్ ఉన్నా అన్నీ పాస్ అయ్యేవి. ఇక్కడ జరిగింది అదే. లిస్టు తయారైంది ఎక్కువగా అబ్బాయిల్ని చూసి. ఆ లిస్టుతో వెతికితే దొరికేదీ అబ్బాయిలే. దాంతో "ఇది మగపిల్లలకే ఎక్కువ" అని ఇంకా గట్టిపడింది. నలుగురు అబ్బాయిలకి ఒక అమ్మాయి అనే లెక్క చాలాకాలం నడిచింది. 2017లో పాత స్టడీలన్నీ కలిపి చూస్తే, డయాగ్నోసిస్ వచ్చినవాళ్లనే లెక్కపెట్టకుండా అందరినీ వెతికి పరీక్షించిన చోట అది ముగ్గురికి ఒకరికి దగ్గరగా వచ్చింది.

ఇంకోటి, అమ్మాయిలు దాచేస్తారు. మాస్కింగ్ అంటారు దీన్ని. అక్క ఇంటర్‌లో పక్క బెంచీ అమ్మాయి ఎలా నవ్వుతుందో చూసి ఇంటికొచ్చి అద్దం ముందు ప్రాక్టీస్ చేసేదట. ఒకే ఇంట్లో పెరిగాం, నాకీ సంగతి తెలిసింది మొన్న. నేర్చుకున్న పద్ధతుల వెనక లక్షణాలు దాగిపోవచ్చని అమెరికా సైకియాట్రిస్టుల మాన్యువల్ డీఎస్ఎమ్‌లో చేరింది 2013లో. అప్పటికి అక్క ఉద్యోగంలో ఉంది.

సుఖరేవా పేపర్ల సంగతి అడుగుతారు కదా. మగపిల్లల పేపర్‌ని సులా వుల్ఫ్ అనే డాక్టర్ 1996లో ఇంగ్లీష్‌లోకి తెచ్చారు. అక్క అప్పుడు మూడో క్లాసు. అమ్మాయిల పేపర్ ఇంగ్లీష్‌లో వచ్చింది 2020లో. ఇరవై నాలుగేళ్ల తేడా! ఇది చదివినప్పుడు నాకు నిజంగా కోపం వచ్చింది.

పోయిన నెల మా కజిన్ పెళ్లి. గంటకి అక్క ఎప్పట్లాగే గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. ఇదివరకైతే అమ్మ వెళ్లి తలుపు కొట్టేది, "నలుగురూ ఏమనుకుంటారే" అని. ఈసారి ఆ తలుపు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. మా పెద్దత్త వచ్చి అడిగితే, "దానికి కాసేపు అలా కావాలి వదినా, మనం వెళ్లి భోంచేద్దాం పద" అంది.